ట్రాక్ డేకి సొంత కారు: ముందు ఆగడం చూసుకోండి, పరుగు తర్వాత

రేసు ట్రాక్ మీద మన సొంత కారు నడుపుకునే రోజుని ట్రాక్ డే అంటారు. మొదటిసారి దానికి పేరిచ్చుకున్న కుర్రాళ్ళు నన్ను అడిగేది దాదాపు ఒకటే ప్రశ్న. "అన్నా, పవర్ పెరగడానికి ఇంజన్ రీమ్యాప్ చేయించాలా, ఎగ్జాస్ట్ మార్చాలా?" రెండూ వద్దు తమ్ముడూ. ఆ డబ్బులో కొంచెం తీసి బ్రేక్ ఆయిల్ మార్పించుకో, మిగతాది దాచుకో అని చెబుతాను. సగం మంది మొహం చిన్నబుచ్చుకుంటారు. నేనూ అలాగే చిన్నబుచ్చుకున్నవాణ్ణే.

నాది పాత స్విఫ్ట్ పెట్రోల్, 1197 సీసీ. మొదటి ట్రాక్ డే, రెండో సెషన్, నాలుగో ల్యాప్. స్ట్రెయిట్ చివర బ్రేక్ మీద కాలు వేస్తే పెడల్ మెత్తగా, తడి స్పాంజిని తొక్కినట్టు కిందికి పోయింది. గుండె గుభేలుమంది. రెండుసార్లు గబగబా పంప్ చేసి, గేరు తగ్గించి, ఎలాగో మలుపు దాటి, పక్కనున్న మట్టిలోకి దిగి ఆగాను. కారుకి ఏమీ కాలేదు, నాకే కాళ్ళు చాలాసేపు వణికాయి. మూడు వారాల ముందు ఒక షెడ్డులో సర్వీసు చేయించాను. బిల్లులో "బ్రేక్ ఆయిల్ మార్చాం" అని రాసి ఉంది. తర్వాత చక్రం దగ్గర బ్రేక్ ఆయిల్ బయటికి తీసే నిపుల్ విప్పి చూస్తే వచ్చింది ముదురు టీ డికాక్షన్ రంగు. ఎన్నేళ్ళ నాటి ఆయిలో దేవుడికే తెలియాలి.

అప్పటి నుంచి నా కారు పని నేనే దగ్గరుండి చేయిస్తాను, లేదా నేనే చేసుకుంటాను. మనలాంటి వాళ్ళు ట్రాక్‌కి కారును ట్రక్కు మీద ఎక్కించుకుని వెళ్ళరు. పొద్దున నడుపుకుంటూ వెళ్ళి, రోజంతా తిప్పి, అదే కారులో ఇంటికి రావాలి. కింద చెప్పేవన్నీ ఆ లెక్కతోనే.

ఏ ట్రాక్, ఏ కారు

హైదరాబాద్, విజయవాడ, నెల్లూరు వైపు నుంచి మనవాళ్ళు ఎక్కువగా వెళ్ళేది చెన్నై దగ్గర ఇరుంగట్టుకోట్టైకి. శ్రీపెరంబుదూరు పక్కనే. మద్రాస్ మోటార్ స్పోర్ట్స్ క్లబ్ వాళ్ళ ట్రాక్ అది, 1990 నుంచి ఉంది, పొడవు దాదాపు 3.7 కిలోమీటర్లు. కోయంబత్తూరు దగ్గర చెట్టిపాళయంలో కరి మోటార్ స్పీడ్‌వే ఉంది, సుమారు 2.1 కిలోమీటర్ల చిన్న ట్రాక్. అక్కడ వేగం తక్కువ, మలుపులు ఎక్కువ, కొత్తవాళ్ళకి మంచి బడి. గ్రేటర్ నోయిడాలోని బుద్ధ్ సర్క్యూట్ 5.125 కిలోమీటర్లు. 2011 నుంచి 2013 దాకా ఫార్ములా వన్ జరిగింది అక్కడే. కిలోమీటరుకు పైగా ఉన్న స్ట్రెయిట్ చివర బ్రేకు వేసేటప్పుడు చిన్న కారు బ్రేకుల సత్తా ఏమిటో బయటపడుతుంది. అక్కడికి మొదటిసారే వెళ్ళొద్దు.

కారు ఏదైనా సరే, తేలికగా ఉండి, స్పేర్లు ఎక్కడైనా దొరికేదైతే మేలు. స్విఫ్ట్, పోలో, ఐ20 లాంటివి. ఎత్తయిన ఎస్‌యూవీలను చాలామంది నిర్వాహకులు రానివ్వరు, ముందే ఫోన్ చేసి కనుక్కోండి.

మూడు వారాల ముందు: బ్రేకులు

చిన్న లెక్క చూడండి. వెయ్యి కిలోల కారు 140 కిలోమీటర్ల వేగం నుంచి 70కి తగ్గిందంటే, దాని పరుగులో ఉన్న శక్తిలో ముప్పాతిక వంతు బ్రేకుల్లో వేడిగా మారిపోయినట్టే. ఆ వేడితో దాదాపు రెండు లీటర్ల మామూలు నీళ్ళను మరుగుకు తేవచ్చు. ఒక్క మలుపు దగ్గర, మూడు నాలుగు సెకన్లలో. ల్యాపులో అలాంటివి ఎన్ని ఉంటాయో, ఇరవై నిమిషాల సెషన్లో ఎన్ని ల్యాపులు వేస్తారో మీరే లెక్కేసుకోండి. రోడ్డు మీద ఎంత దూకుడుగా నడిపినా ఇందులో పదో వంతు కూడా రాదు.

ఆ వేడి చక్రంతో తిరిగే డిస్క్ నుంచి దాన్ని పట్టి ఆపే ప్యాడ్‌కి, ప్యాడ్ నుంచి దాన్ని నొక్కే పిస్టన్‌కి, అక్కడి నుంచి బ్రేక్ ఆయిల్‌కి పాకుతుంది. బ్రేక్ ఆయిల్‌కి గాలిలోని తేమను పీల్చుకునే గుణం ఉంది. డాట్ అంటే బ్రేక్ ఆయిల్ గ్రేడు. కొత్త డాట్ 3 కనీసం 205 డిగ్రీల దాకా మరగకూడదు, డాట్ 4 అయితే 230, డాట్ 5.1 అయితే 260. నీరు పట్టాక ఆ హద్దులు 140, 155, 180కి పడిపోతాయి. మరిగితే బుడగలు పుడతాయి. ద్రవాన్ని నొక్కలేం గానీ బుడగను నొక్కగలం, అందుకే పెడల్ ఖాళీగా కిందికి పోతుంది. చల్లారగానే మళ్ళీ మామూలుగా గట్టిపడుతుంది. షెడ్డుకి తీసుకెళ్తే "ఏం లేదన్నా, బానే ఉంది" అంటారు.

అందుకని ట్రాక్ డేకి ముందు కొత్త ఆయిల్ తప్పనిసరి. మీ కారు బ్రేక్ ఆయిల్ డబ్బా మూత మీద డాట్ 3 అని ఉన్నా డాట్ 4 పోసుకోవచ్చు. డాట్ 5 మాత్రం పొరపాటున కూడా కొనకండి. అది సిలికాన్ రకం, 5.1కి దానికి సంబంధమే లేదు. సీలు విప్పని డబ్బానే కొనండి. అల్మారాలో మూడు నెలలుగా సగం మిగిలిన డబ్బా తేమ పీల్చేసి ఉంటుంది.

పని ఇలా చేయాలి. పాత ఆయిల్‌ను పై డబ్బాలోంచి, అంటే బానెట్ కింద ఉండే బ్రేక్ ఆయిల్ డబ్బాలోంచి, సిరంజితో లాగేసి, కొత్తది నింపండి. చక్రం విప్పి, ప్యాడ్లను డిస్క్‌కి నొక్కే కాలిపర్ వెనక ఉన్న బ్లీడర్ నిపుల్ మీది రబ్బరు టోపీ తీసి, రింగు స్పానర్ పెట్టి, దానిమీద పారదర్శకంగా ఉండే సన్న గొట్టం తొడగండి. గొట్టం రెండో చివర, అడుగున కాస్త ఆయిల్ ఉన్న సీసాలో మునిగి ఉండాలి. ఇక ఇద్దరు మనుషులు కావాలి, ఒకరు పెడల్ దగ్గర, ఒకరు చక్రం దగ్గర. మా ఇంట్లో పెడల్ దగ్గర మా అక్క కొడుకు కూర్చుంటాడు.

"తొక్కు."

"తొక్కా మామయ్యా."

"పట్టుకో, వదలకు." నిపుల్ పావు తిప్పు వదులు చేస్తాను, ఆయిల్ వస్తుంది, వాడి కాలు కిందికి జారుతుంది. "అంటుకుంది మామయ్యా." నిపుల్ బిగిస్తాను. "ఇప్పుడు వదులు."

క్రమం ముఖ్యం. నిపుల్ బిగించకముందే వాడు కాలు తీశాడంటే గాలి లోపలికి పోతుంది, మళ్ళీ మొదటికొస్తుంది. గొట్టంలో నల్లగా వచ్చేది పోయి, తేనె రంగులో, బుడగల్లేకుండా వచ్చేదాకా చేయాలి. స్టీరింగ్ కుడివైపు ఉండే మన కార్లలో సాధారణంగా దూరంగా ఉండే ఎడమ వెనక చక్రంతో మొదలుపెట్టి, కుడి వెనక, ఎడమ ముందు, కుడి ముందు అని వస్తారు. మీ కారు మాన్యువల్లో వేరే క్రమం ఉంటే అదే పాటించండి. ఐదారుసార్లు తొక్కగానే పై డబ్బా ఒకసారి చూసుకోండి. అది ఖాళీ అయితే ఏబీఎస్‌లోకి గాలి చేరుతుంది, కొన్ని కార్లలో దాన్ని తీయాలంటే స్కానర్ ఉన్న చోటికి వెళ్ళక తప్పదు. ఆయిల్ పెయింట్ మీద పడితే వెంటనే నీళ్ళతో కడిగేయండి, లేకపోతే పెయింట్ లేచిపోతుంది. అంతా అయ్యాక ఇంజన్ ఆన్‌లో ఉంచి పెడల్‌ను అర నిమిషం గట్టిగా తొక్కి పట్టుకోండి. కొంచెమైనా కిందికి జారుతోందంటే ఆ కారు ఇల్లు కదలకూడదు.

ప్యాడ్ల సంగతి. మొదటి ట్రాక్ డేకి కంపెనీ ప్యాడ్లే చాలు, కానీ కొత్తవి ఉండాలి. సగం అరిగిన ప్యాడ్‌తో వెళ్తే వేడి ఆయిల్‌కి తొందరగా చేరుతుంది, సాయంత్రానికి ఇనుము ఇనుముకి రాసుకోవచ్చు కూడా. రెండు మూడు సార్లు వెళ్ళొచ్చాక, రోడ్డుకీ ట్రాక్‌కీ పనికొచ్చే స్పోర్ట్ ప్యాడ్లు చూసుకోండి. అచ్చమైన రేసింగ్ ప్యాడ్లు వద్దు. అవి వేడెక్కితేనే పట్టుకుంటాయి. పొద్దున్నే చల్లటి బ్రేకులతో సందులోంచి బయటికొచ్చేటప్పుడు ఎదురుగా స్కూల్ ఆటో వస్తే ఏం చేస్తారు?

కొత్త ప్యాడ్లను డిస్క్‌కి అలవాటు చేయాలి. 80 నుంచి 20 దాకా గట్టిగా, కానీ పూర్తిగా ఆగకుండా, ఎనిమిది పదిసార్లు బ్రేకు వేసి, తర్వాత పది నిమిషాలు బ్రేకు వాడకుండా నడిపి చల్లార్చాలి. ప్యాడ్ల తయారీదారు వేరే పద్ధతి చెబితే అదే చేయండి. ఈ పని ఔటర్ రింగ్ రోడ్డు మీద మాత్రం చేయకండి. మీ వెనక వచ్చే లారీ డ్రైవరుకి మీ కొత్త ప్యాడ్ల సంగతి తెలియదు. నేనైతే ట్రాక్‌లో మొదటి సెషన్ మొత్తం దీనికే వదిలేస్తాను.

డిస్క్ అంచున కనీస మందం ఎంతో అచ్చు వేసి ఉంటుంది, కొలిపించండి. చిల్లుల డిస్కులు చూడ్డానికి బాగుంటాయి, వేడికి ఆ చిల్లుల దగ్గరే పగుళ్ళు మొదలవుతాయి. వెనక డ్రమ్ములుంటే ఒకసారి విప్పించి దుమ్ము దులిపి, లైనింగ్ చూసి, అడ్జస్ట్ చేయించండి, చాలు.

టైర్లు

ముందు వయసు చూడండి. టైరు పక్కన డాట్ (DOT) అక్షరాలతో మొదలయ్యే వరస చివర నాలుగు అంకెలుంటాయి. 2322 అంటే 2022లో 23వ వారం. గాడులు ఎంత లోతున్నా, ఐదేళ్ళు దాటిన టైరుతో నేను ట్రాక్ ఎక్కను. రబ్బరు గట్టిపడిపోతుంది. పక్క గోడల మీద ఉబ్బు, కోత ఉంటే ఇక ఆలోచనే వద్దు. మన గుంతల రోడ్ల పుణ్యమా అని ఉబ్బులు లోపలి వైపు కూడా ఉంటాయి, జాకీ ఎక్కించినప్పుడు చేయి పెట్టి తడిమి చూడండి.

గాలి విషయంలో ఎక్కువమంది తప్పు చేస్తారు. టైరు వేడెక్కిన కొద్దీ లోపలి గాలి ఒత్తిడి పెరుగుతుంది, సుమారు ఆరేడు డిగ్రీలకు ఒక పీఎస్ఐ చొప్పున. రోడ్డు మీద 33 పెట్టే కారులో అదే 33తో ట్రాక్ మీదికి వెళ్తే సెషన్ అయ్యేసరికి 40 దగ్గరికి చేరవచ్చు. అప్పుడు టైరు నడుము ఉబ్బి, అంచులు నేలను సరిగా పట్టవు. అలాగని ముందే బాగా తీసేస్తే టైరు పక్కకి ఒరిగి అంచుల మీద నడుస్తుంది. కొలవాల్సింది వేడి మీద. నేను పొద్దున 30తో మొదలుపెడతాను. సెషన్ నుంచి రాగానే కొలిచి, నాలుగింటినీ 35 దగ్గరికి దింపుతాను. ఇది నా స్విఫ్ట్‌కి కుదిరిన లెక్క, మీ కారుకి మీరే కనుక్కోవాలి. అందుకు సాధనం ఒక సుద్దముక్క. టైరు భుజం మీద చిన్న త్రికోణం గుర్తు ఉంటుంది. గాడుల అంచు నుంచి దానికి కిందివరకు అడ్డంగా సుద్ద గీత గీసి వెళ్ళండి. తిరిగొచ్చాక గీత త్రికోణం దాకా చెరిగిపోతే గాలి సరిపోయినట్టు. దాని కిందికి కూడా చెరిగితే గాలి తక్కువ, పైనే ఆగిపోతే ఎక్కువ.

వీల్ బోల్టులు బిగింపు కొలిచే టార్క్ రెంచ్‌తోనే బిగించాలి. పోలోకి 120 న్యూటన్ మీటర్లు, మీ కారుకి మాన్యువల్లో చూడండి. పంక్చర్ షాపులో ఎయిర్ గన్‌తో బిగించినవి ఒకటి వదులుగా, ఒకటి ఊడిరానంత గట్టిగా ఉంటాయి. మొదటి సెషన్ అయి చక్రాలు చల్లారాక మరోసారి చూడాలి.

ఇంజన్, కూలెంట్

ఇక్కడ చెప్పడానికి ఎక్కువ లేదు. మాన్యువల్లో ఉన్న గ్రేడ్ ఇంజన్ ఆయిల్ కొత్తది, ఫిల్టరుతో సహా. మట్టం డిప్‌స్టిక్ పై గీత దగ్గర ఉండాలి, దాటకూడదు. తక్కువుంటే పొడవాటి మలుపులో ఆయిల్ ఒక పక్కకి చేరి పంపుకి అందదు, ఎక్కువైతే నురగ కడుతుంది. రేడియేటర్లో ఎవరైనా ఎప్పుడైనా కుళాయి నీళ్ళు పోసి ఉంటే కడిగించి సరైన కూలెంట్ నింపించండి. హోస్ పైపులను వేళ్ళతో నొక్కి చూడండి, బిస్కెట్‌లా గట్టిపడినా, మరీ మెత్తబడినా మార్చేయండి. రేడియేటర్ రెక్కల్లో ఇరుక్కున్న పురుగులు, ప్లాస్టిక్ కవరు ముక్కలు తీసి నీళ్ళతో మెల్లగా కడగండి. చెన్నై ఎండలో ఇదే పెద్ద తేడా చూపిస్తుంది.

ఏం మార్చాలి, ఏం మార్చకూడదు

మోటారు వాహనాల చట్టంలో 52వ సెక్షన్ ఉంది. తయారీదారు ఇచ్చిన స్పెసిఫికేషన్‌కి, ఆర్‌సీలో ఉన్నదానికి తేడా వచ్చేలా కారును మార్చకూడదని 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా చెప్పింది. పెద్ద శబ్దం చేసే ఎగ్జాస్ట్ పెట్టుకుని ఇంటికి వస్తుంటే టోల్ గేట్ దాటాక ఆపుతారు. వాళ్ళ తప్పేమీ లేదు. అరిగే సామాను, అంటే ప్యాడ్లు, ఆయిళ్ళు, అదే సైజులో మంచి టైర్లు మార్చుకుంటే ఏ గొడవా లేదు.

ఇన్సూరెన్స్ కాగితం కూడా ఒకసారి తీసి చదవండి. మన మామూలు కారు పాలసీల్లో రేసింగ్, వేగ పరీక్షలు వర్తించవని రాసి ఉంటుంది. ట్రాక్‌లో గోడకి తగిలితే ఆ ఖర్చు మీదే అనుకునే వెళ్ళండి. ఈఎంఐ ఇంకా మూడేళ్ళు కట్టాల్సిన కారైతే మరోసారి ఆలోచించుకోండి.

నా ఉద్దేశంలో వరస ఇది: బ్రేక్ ఆయిల్, ప్యాడ్లు, టైర్లు, ఆ తర్వాత పక్కన కూర్చుని నేర్పే కోచ్‌కి ఫీజు. అలైన్‌మెంట్ ఎలాగూ చేయిస్తారు. ముందు చక్రాలకు కాస్త నెగెటివ్ క్యాంబర్, అంటే చక్రం పైభాగం లోపలికి వంగే కోణం, ఇవ్వగలిగితే టైరు బయటి అంచు తొందరగా అరగదు, కానీ చాలా కార్లలో క్యాంబర్ తిప్పే వీలే ఉండదు. వారంలో ఆరు రోజులు ఆఫీసుకి వెళ్ళే కారుకి దాని కోసం ఆరాటపడక్కర్లేదు. స్ప్రింగులు కోయించి కారు కిందికి దించడం మాత్రం శుద్ధ దండగ. పవర్ పెంచడం అన్నిటికన్నా చివర. వేగం పెరిగితే ఆపాల్సిన శక్తి దాని వర్గంతో పెరుగుతుందని పైన లెక్కలో చూశారు కదా.

ముందు రోజు

డిక్కీ ఖాళీ చేయండి. స్టెప్నీ, జాకీ ఇంటికొచ్చేటప్పుడు కావాలి కాబట్టి తీసుకెళ్ళండి, ట్రాక్‌లోకి దిగేముందు పిట్‌లో, అంటే ట్రాక్ పక్కన కార్లు ఆపే చోట, దింపేయండి. డ్రైవరు కాళ్ళ కింది మ్యాట్ తీసేయండి. సీటు కింద నీళ్ళ సీసా ఉందేమో వంగి చూడండి, బ్రేకు వేసినప్పుడు అది దొర్లుకుంటూ పెడల్ కిందికే వస్తుంది. అద్దానికి వేలాడే దేవుడి బొమ్మను డ్యాష్‌బోర్డ్ అరలో భద్రంగా పెట్టండి, ఆయన ఏమీ అనుకోడు.

ఆగిపోయిన కారుని లాగడానికి తాడు కట్టే కొక్కెం, టో హుక్ ఎక్కడుందో వెతికి, బంపర్‌లో బిగించి చూడండి. ఫోక్స్‌వ్యాగన్ లాంటి కొన్ని కార్లకు అది ఎడమ మర, అంటే మామూలుకి ఎదురుగా తిప్పాలి. మట్టిలో ఇరుక్కున్నాక ఎర్ర జెండా ఊపుతుంటే అది నేర్చుకునే సమయం కాదు.

హెల్మెట్ ముఖమంతా మూసేదై ఉండాలి, ఏ రకం ఒప్పుకుంటారో నిర్వాహకులను అడగండి. నూలు బట్టలు, పొడుగు చేతులు, పలచటి అడుగున్న బూట్లు. ఇంకా తీసుకెళ్ళాల్సినవి: గాలి గేజి, కారు సాకెట్‌తో నడిచే గాలి పంపు, టార్క్ రెంచ్, లీటరు ఇంజన్ ఆయిల్, బ్రేక్ ఆయిల్ డబ్బా, పైన చెప్పిన గొట్టం, సీసా, మాస్కింగ్ టేపు, చక్రాలకు అడ్డం పెట్టే చెక్క ముక్కలు, మీ ఇద్దరికీ సరిపడా నీళ్ళు. రెండో ఆయన ఎవరంటే, ఎవరో ఒకర్ని తోడు తీసుకెళ్ళండి. సాయంత్రం అలసిపోయాక ఐదారు వందల కిలోమీటర్లు మీరొక్కరే నడపడం ట్రాక్ కన్నా ప్రమాదం.

ట్రాక్ మీద

పొద్దున్న జరిగే బ్రీఫింగ్‌ని తేలిగ్గా తీసుకోవద్దు. పసుపు జెండా అంటే ముందు ప్రమాదం, ఓవర్‌టేక్ లేదు. ఎరుపు అంటే సెషన్ ఆపేశారు, నెమ్మదిగా పిట్‌కి రావాలి. నీలం అంటే వెనక వేగంగా వస్తున్నవాడికి దారివ్వాలి. పసుపు మీద ఎర్ర చారలంటే రోడ్డు మీద ఆయిలో నీళ్ళో ఉన్నాయి, జారుతుంది. నలుపు మీ నంబరుతో చూపిస్తే మీరే పిట్‌లోకి వెళ్ళాలి.

మొదటి ల్యాపు టైర్లూ బ్రేకులూ వేడెక్కడానికి. ఆ తర్వాత మూడు నాలుగు ల్యాపులు గట్టిగా. మధ్యలో ఒకటి నెమ్మదిగా, టెంపరేచర్ ముల్లు చూసుకుంటూ. పెడల్ కాస్త లోతుగా పోతున్నట్టు అనిపించినా, కాలిన వాసన వచ్చినా, "ఇంకో ల్యాపే కదా" అనుకోకుండా వేగం తగ్గించండి. ఆఖరి ల్యాపు బ్రేకు వీలైనంత తక్కువ వాడుతూ, పెద్ద గేరులో, గాలికి చల్లారనిస్తూ రావాలి.

పిట్‌లో ఆగాక హ్యాండ్ బ్రేక్ లాగకండి. కాగే డిస్కుని ప్యాడ్లో, డ్రమ్ముని లైనింగులో అలా పట్టుకుని ఉంటే అక్కడే అంటుకుంటాయి. గేరులో ఉంచి చక్రానికి చెక్క పెట్టండి. బ్రేక్ పెడల్ మీది నుంచి కూడా కాలు తీసేయండి. టర్బో కారైతే ముందు చెక్క పెట్టి, న్యూట్రల్లో ఒకటి రెండు నిమిషాలు ఇంజన్ ఆన్‌లోనే ఉంచి, ఆపాకే గేరులో వేయండి. బానెట్ ఎత్తండి గానీ రేడియేటర్ మూత జోలికి పోవద్దు.

వెంటనే టైర్ల గాలి, సుద్ద గీత, ఆ తర్వాత ప్యాడ్ల మందం, కాస్త చల్లారాక బోల్టులు, ఇంజన్ ఆయిల్ మట్టం. ప్రతి సెషన్ తర్వాతా ఇదే. పక్క పిట్‌లో వాళ్ళు టీ తాగుతూ ల్యాప్ టైములు చెప్పుకుంటుంటే మీరు మాత్రం నేలమీద మోకాళ్ళేసి కూర్చుని ఉంటారు, అలవాటైపోతుంది.

ఇంటిదారి, ఆ తర్వాత

మధ్యాహ్నం వేడిమీద గాలి దింపారు కదా. సాయంత్రం టైర్లు చల్లారాక కొలిస్తే అవి 27, 28 చూపిస్తాయి. అలాగే సామాను ఎక్కించుకుని హైవే ఎక్కితే టైరు పక్క గోడలు వేడెక్కి పగిలే ప్రమాదం ఉంది. పంపు తీసి మళ్ళీ రోడ్డు లెక్కకి నింపండి. స్టెప్నీ, జాకీ ఎక్కించారో లేదో చూసుకోండి, నేను ఒకసారి పిట్‌లోనే మర్చిపోయి తడ నుంచి వెనక్కి వెళ్ళాను. చివరి సెషన్ వదిలేసైనా వెలుతురుండగా బయల్దేరడం నా అలవాటు. ట్రాక్ నుంచి రోడ్డు మీదికి రాగానే 100 కూడా నడకలా అనిపిస్తుంది, మొదటి గంట తోడు వచ్చినవాళ్ళ చేత నడిపించండి.

ఇంటికొచ్చాక ఆ వారంలోనే నాలుగు చక్రాలూ విప్పించండి. ప్యాడ్లు రెండు వైపులా సమానంగా అరిగాయా, డిస్క్ మీద పగుళ్ళున్నాయా, కాలిపర్ రబ్బర్లు కాలాయా, బాల్ జాయింట్ల బూట్లు చిరిగాయా చూడండి. పెడల్ ఒక్కసారైనా మెత్తబడి ఉంటే బ్రేక్ ఆయిల్ మళ్ళీ మార్చాల్సిందే. టైర్లను ముందువి వెనక్కి, వెనకవి ముందుకి వేయించండి, ఫ్రంట్ వీల్ డ్రైవ్ కారులో ముందు టైర్లే ఎక్కువ తింటాయి. నేను డ్యాష్‌బోర్డ్ అరలో ఒక చిన్న నోటు పుస్తకం పెట్టుకుంటాను. ఆ రోజు ఎండ ఎంత, చల్లగా గాలి ఎంత, వేడిగా ఎంత, ఏ సెషన్లో ఎన్ని ల్యాపులు, ప్యాడ్ ఎన్ని మిల్లీమీటర్లు మిగిలింది, అంతే రాస్తాను. పోయినసారి పేజీలో చివరి గీత: ఎడమ ముందు ప్యాడ్ లోపలిది 5, బయటిది 7. కాలిపర్ పిన్ను పట్టేస్తున్నట్టుంది, ఈ ఆదివారం విప్పాలి.